పాత కంప్యూటర్లో లినక్స్ వేశాక మానిటర్ రిజల్యూషన్ పట్టుకోకపోతే ఎక్కడ వెతకాలి

పాత డెస్క్‌టాప్ ఒకటి మూలన పడుంటే దుమ్ము దులిపి లినక్స్ ఎక్కిస్తాం, ఇన్‌స్టాల్ అంతా సాఫీగానే అయిపోతుంది, తీరా డెస్క్‌టాప్ వచ్చాక చూస్తే అక్షరాలు లావుగా మసకమసగ్గా ఉంటాయి, గుండ్రంగా ఉండాల్సిన ఐకాన్ కోడిగుడ్డులా సాగి ఉంటుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే లిస్టు 1024 బై 768 దగ్గరే ఆగిపోయింది, ఆ పైన ఏమీ లేదు. మానిటర్ పేరు ఉండాల్సిన చోట "అన్‌నోన్" అనో "డిఫాల్ట్" అనో కనపడుతుంది. ఇక అక్కణ్ణుంచి మనం చేసే పని ఏంటంటే నెట్‌లో దొరికిన మోడ్‌లైన్ (ఒక రిజల్యూషన్‌కి కావాల్సిన నంబర్ల వరస) ఏదో ఒకటి కాపీ కొట్టి పెట్టడం, అది పనిచేయకపోతే ఇంకోటి, రీబూట్, మళ్ళీ ఇంకోటి. నేనూ అదే చేశా, రెండు రోజులు. చివరికి తేలిందేంటంటే తప్పు మానిటర్‌దీ కాదు డ్రైవర్‌దీ కాదు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నేనే బూట్ లైన్లో (మెషీన్ మొదలయ్యేటప్పుడు లినక్స్‌కి ఇచ్చే మాటల్లో) పెట్టి మర్చిపోయిన ఒక్క మాటది, దాని సంగతి కిందొస్తుంది.

అందుకే రిజల్యూషన్‌ని బలవంతంగా పెట్టే పని అన్నిటికంటే చివర్లో చేయండి. ముందు చూడాల్సింది ఏంటంటే, మానిటర్ తన గురించి తను చెప్పుకునే మాట కంప్యూటర్ దాకా వస్తోందా, రాకపోతే దారిలో ఎక్కడ తెగింది అని. మానిటర్, కేబుల్, కార్డు డ్రైవర్, ఎక్స్ సర్వర్ (తెర మీద బొమ్మ గీసే ప్రోగ్రాం, పొట్టిగా ఎక్స్), ఆపైన డెస్క్‌టాప్, ఇంతే దారి. ఎక్కడ తెగిందో తెలిస్తే మందు చాలాసార్లు ఒక్క లైనే.

ఒక్క మాట, కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, మీరు టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి, గీతలూ స్లాష్‌లూ చుక్కలూ ఉన్నవి ఉన్నట్టే. పెద్దక్షరాలు కావాల్సిన చోట చెప్తా.

మానిటర్ లోపల ఏముంటుంది

1994లో వీసా అనే సంస్థ (బ్యాంకు కార్డు వీసా కాదండోయ్, వీడియో స్టాండర్డ్స్ చూసేది) ఈడీఐడీ అని ఒక పద్ధతి పెట్టింది. మానిటర్ లోపల ఒక చిన్న మెమరీ చిప్పు ఉంటుంది, అందులో 128 బైట్ల డేటా, కొత్త వాటికైతే 128 చొప్పున ఇంకొన్ని బ్లాకులు. తయారు చేసిన కంపెనీ మూడక్షరాల కోడ్, తయారైన వారం సంవత్సరం, తెర అడ్డం నిలువు ఎన్ని సెంటీమీటర్లు, ఏ రిజల్యూషన్ తనకి సరిగ్గా సరిపోతుంది, ఎంత ఫ్రీక్వెన్సీ వరకు తట్టుకుంటుంది, ఇవన్నీ అందులోనే. చివరి బైటు చెక్‌సమ్, అంటే 128 బైట్లు మొత్తం కూడితే 256తో శేషం లేకుండా పోవాలి, శేషం మిగిలితే డేటా చెడినట్టు లెక్క.

ఈ డేటా కార్డు దాకా రావడానికి కేబుల్లో విడిగా రెండు తీగలుంటాయి. పాత నీలం వీజీఏ కనెక్టర్లో మూడు వరసల్లో 15 పిన్నులుంటాయి కదా, మూడో వరసలో 12వ పిన్ను డేటాకి, 15వ పిన్ను క్లాక్‌కి. 9వ పిన్ను మీద కార్డు 5 వోల్టులు పంపిస్తుంది, దాంతో కూడా ఆ చిప్పు నడుస్తుంది కాబట్టి మానిటర్ ఆఫ్‌లో ఉన్నా చాలావాటి నుంచి ఈడీఐడీ చదవొచ్చు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే బొమ్మ వెళ్ళే తీగలు వేరు, ఈ సమాచారం వచ్చే తీగలు వేరు. బొమ్మ బ్రహ్మాండంగా వస్తూ సమాచారం మాత్రం సున్నా అవ్వడం మామూలే, అందుకే "కేబుల్ బానే ఉంది, బొమ్మ వస్తోంది కదా" అనే వాదన చెల్లదు.

మొదట ఎక్స్‌రాండర్

తెరల సంగతి ఎక్స్ సర్వర్‌ని అడిగే కమాండ్ ఇది. టెర్మినల్ తెరిచి ఎక్స్‌రాండర్ అని కొట్టండి, స్పెల్లింగ్ ఎక్స్ ఆర్ ఏ ఎన్ డీ ఆర్, మధ్యలో ఖాళీ లేదు. అంతకంటే ముందు మీరు వేలాండ్‌లో ఉన్నారో ఎక్స్‌11లో ఉన్నారో (తెరని నడిపే రెండు పద్ధతులివి, ఎక్స్ సర్వర్ ఉండేది రెండోదాంట్లో) చూస్కోండి, లాగిన్ స్క్రీన్ మీద గేరు బొమ్మ నొక్కితే సెషన్ పేరు కనిపిస్తుంది. వేలాండ్ అయితే ఎక్స్‌రాండర్ చూపించేది నకలు లాంటిది, పేరు కూడా ఎక్స్‌వేలాండ్ అని వస్తుంది, దాంతో కొత్త మోడ్‌లు (రిజల్యూషన్లు) కలపడం కుదరదు. పాత మెషీన్ల మీద ఎలాగూ ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌డీఈ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్‌లే వేస్తాం, అవి ఎక్కువగా ఎక్స్‌11 మీదే నడుస్తాయి కాబట్టి నేను దాని గురించే చెప్తున్నా.

వచ్చిన అవుట్‌పుట్‌లో ఒక్కో కనెక్టర్‌కి ఒక లైను ఉంటుంది, వీజీఏ-1 కనెక్టెడ్, డీవీఐ-1 డిస్‌కనెక్టెడ్, ఇలా. కనెక్టెడ్ లైను చివర్లో మిల్లీమీటర్లలో సైజు ఉంటుంది, 17 అంగుళాల పాత చదరం మానిటర్ అయితే 338 బై 270 అలా. దాని కింద మోడ్‌లు, పక్కన నక్షత్రం గుర్తు ఉంటే ఇప్పుడు నడుస్తున్నది, ప్లస్ గుర్తు ఉంటే మానిటర్ తనకి కావాలని చెప్పింది. ఈ ప్లస్సే ముఖ్యం. ప్లస్ ఉండి సైజు కూడా నిజమైన కొలతకి దగ్గరగా ఉంటే ఈడీఐడీ వచ్చినట్టే, మీ సమస్య పైన డెస్క్‌టాప్ సెట్టింగ్‌లో ఉంది, ఎక్స్‌రాండర్ --అవుట్‌పుట్ వీజీఏ-1 --ఆటో అని కొట్టి చూడండి, చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. కనెక్టర్ పేరు మాత్రం పెద్దక్షరాల్లో, మీ అవుట్‌పుట్‌లో ఎలా ఉంటే అలాగే కొట్టాలి, ఎందుకంటే పేర్లు డ్రైవర్‌ని బట్టి మారతాయి, పాత ఇంటెల్ డ్రైవర్ గీత లేకుండా వీజీఏ1 అంటుంది, మోడ్‌సెట్టింగ్ డ్రైవర్ వీజీఏ-1 అంటుంది, రేడియాన్ డ్రైవర్ సున్నా నుంచి మొదలెట్టి వీజీఏ-0 అంటుంది. వేరేవాళ్ళ కమాండ్ కాపీ కొడితే పనిచేయకపోవడానికి సగం కారణం ఇదే.

సైజు 0 బై 0 మిల్లీమీటర్లు అని ఉందంటే ఈడీఐడీ రాలేదని అర్థం. అందులో రెండు రకాలున్నాయి, రెండిటినీ కలిపేస్తే రోజులు వృథా.

మొదటి రకం. లైన్లో వీజీఏ, డీవీఐ లాంటి పేరే లేదు, "డిఫాల్ట్ కనెక్టెడ్" అని ఉంది, ఎక్స్‌రాండర్ మొదటి లైన్లోనే గామా సైజు తెలియలేదు అని ఏడుపు కూడా ఉంటుంది. అంటే మీ గ్రాఫిక్స్ కార్డుకి అసలైన డ్రైవరే ఎక్కలేదు, వీసా డ్రైవరో ఎఫ్‌బీడెవ్ అనే డ్రైవరో బండి లాక్కొస్తోంది. ఇక్కడ మీరు ఎన్ని మోడ్‌లైన్లు పెట్టినా గోడకి చెప్పినట్టే. క్యాట్ /ప్రోక్/సీఎండీలైన్ అని కొట్టండి, కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ఏ మాటలతో బూట్ అయిందో మొత్తం వస్తుంది, అందులో నోమోడ్‌సెట్ అని ఉందా? ఉంటే దొంగ దొరికినట్టే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్క్రీన్ నల్లగా వచ్చిందని ఎవరో చెప్తే పెడతాం, లేదా ఇన్‌స్టాలర్ మెనూలో "సేఫ్ గ్రాఫిక్స్" ఎంచుకుంటాం, అదే మాట గ్రబ్‌లో (లినక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రాం) శాశ్వతంగా కూర్చుంటుంది. నా రెండు రోజులు మింగింది ఇదే. ఇంటెల్ కార్డులకి 2009 మార్చిలో వచ్చిన 2.6.29 కెర్నల్ నుంచి స్క్రీన్ మోడ్ పెట్టే పని కెర్నలే చేస్తోంది, తర్వాత రేడియాన్, నూవో కూడా అదే దారికొచ్చాయి. నోమోడ్‌సెట్ అంటే ఆ పని చేయొద్దు అని కెర్నల్ చేతులు కట్టేయడం. తీసేయాలంటే /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్ సుడోతో (అడ్మిన్ అధికారంతో) తెరిచి ఆ మాట చెరిపేసి సేవ్ చేసి, డెబియన్ ఉబుంటు కుటుంబం అయితే సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీబూట్ చేయండి. తీసేశాక స్క్రీన్ మళ్ళీ నల్లగా అయితే కంగారు పడకండి, బూట్ మెనూలో ఇంగ్లీషు e అక్షరం నొక్కి ఆ ఒక్కసారికి మళ్ళీ రాసి లోపలికి రావొచ్చు.

నోమోడ్‌సెట్ లేదు, అయినా డిఫాల్ట్ అనే వస్తోంది అంటే ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే కొట్టి వీజీఏ అని ఉన్న చోట కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే లైను చూడండి. ఐ915, రేడియాన్, నూవో ఇలా ఏదైనా ఉంటే సరే, ఆ లైనే లేదంటే కార్డుకి డ్రైవర్ ఎక్కలేదు. సిస్, వయా చిప్పుల బోర్డులు కొన్ని ఇలాగే ఏడిపిస్తాయి. వాటిమీద వీసా డ్రైవరే గతి, ఆ డ్రైవర్ కార్డు బయోస్‌లో రాసి ఉన్న మోడ్‌లే ఇవ్వగలదు, 1440 బై 900 లాంటి వెడల్పు మోడ్ అందులో లేకపోతే లేదంతే. ఒకప్పుడు ఇంటెల్ చిప్పులకి 915రిజల్యూషన్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉండేది, అది బూట్ అయినప్పుడల్లా మెమరీలో ఉన్న ఆ బయోస్ పట్టికలోనే కావాల్సిన నంబర్లు దిద్దేది, అంత తంటా పడేవాళ్ళు అప్పట్లో. ఇలాంటి బోర్డు మీ చేతిలో ఉంటే పాత రేడియాన్ కార్డు ఒకటి దొరికితే గుచ్చుకోవడమే నయం, గంటలు గంటలు కూర్చునే బదులు.

రెండో రకం. పేరు వీజీఏ-1 అని సరిగ్గానే ఉంది, కనెక్టెడ్ అనే ఉంది, కానీ సైజు సున్నా, మోడ్‌లు మాత్రం 1024 బై 768, 800 బై 600, 848 బై 480, 640 బై 480, అంతే. ఈ లిస్టు గుర్తుపెట్టుకోండి, ముఖ్యంగా ఆ 848 బై 480 అనే వింత నంబర్. మీ మానిటర్ దాన్ని ఎప్పుడూ అడగలేదు. కనెక్టర్‌లో ఏదో ఉంది కానీ అదేంటో చెప్పట్లేదు అన్నప్పుడు కెర్నల్ తన జేబులోంచి తీసి ఇచ్చే లిస్టు అది, 1024 బై 768 దాటకుండా. అంటే డ్రైవర్ బాగుంది, కనెక్టర్‌కి ఏదో తగిలించి ఉందని తెలిసింది, మాట మాత్రం రావట్లేదు. ఇప్పుడు చూడాల్సింది కేబుల్ వైపు.

కెర్నల్ ఏం విందో నేరుగా చూడటం

ఎక్స్‌ని పక్కనపెట్టి కెర్నల్‌నే అడగొచ్చు. ఎల్‌ఎస్ /సిస్/క్లాస్/డీఆర్‌ఎం అని కొడితే కార్డ్0-వీజీఏ-1 లాంటి ఫోల్డర్లు కనపడతాయి (వీజీఏ పెద్దక్షరాలు, కార్డ్ పక్కన నంబర్ 1 కూడా అయ్యుండొచ్చు). ఒక్కోదాంట్లో స్టేటస్, మోడ్స్, ఈడీఐడీ అని ఫైళ్ళుంటాయి. ఈడీఐడీ ఫైల్ సైజు ఎల్‌ఎస్‌తో చూస్తే ఎప్పుడూ సున్నానే చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. క్యాట్ /సిస్/క్లాస్/డీఆర్‌ఎం/కార్డ్0-వీజీఏ-1/ఈడీఐడీ | డబ్ల్యూసీ -సీ అని కొట్టండి. 128 వచ్చినా 256 వచ్చినా డేటా ఉన్నట్టే. 0 వస్తే లేదు.

డేటా ఉంటే దాన్ని చదివి పెట్టడానికి ఈడీఐడీ-డీకోడ్ అనే ప్రోగ్రాం ఉంది, ప్యాకేజీ పేరు కూడా అదే, ఆ ఫైల్ దారి ఇస్తే మనుషుల భాషలో చెప్తుంది. పాత డిస్ట్రో అయ్యి అది దొరక్కపోతే రీడ్-ఈడీఐడీ ప్యాకేజీ వేసుకుని సుడో గెట్-ఈడీఐడీ | పార్స్-ఈడీఐడీ అని కొడితే అచ్చం ఎక్స్‌ఆర్గ్ కాన్ఫిగ్ ఫైల్లో పెట్టుకునే రూపంలోనే మానిటర్ సెక్షన్ రాసి ఇస్తుంది, నాకైతే ఇదే ఇష్టం. హెచ్‌డబ్ల్యూఇన్ఫో --మానిటర్ కూడా బానే ఉంటుంది, ఫ్రీక్వెన్సీ రేంజులు విడిగా లైన్లలో చూపిస్తుంది.

డేటా సగం సగం వస్తుంటే డీమెసేజ్‌లో (కెర్నల్ రాసుకునే మెసేజ్‌ల లిస్టు) తెలుస్తుంది. సుడో డీఎంఈఎస్‌జీ | గ్రెప్ -ఐ ఈడీఐడీ కొట్టండి, చెక్‌సమ్ తప్పు, శేషం ఇంత అని పదేపదే వస్తుంటే తీగల్లో నాయిస్ ఉంది, లేదా మానిటర్ చిప్పులో డేటానే చెడిపోయింది.

ఇప్పుడు కేబుల్ సంగతి. విప్పి రెండు కొనలూ వెలుతుర్లో పట్టుకుని చూడండి. ఒక పిన్ను లేదని వెంటనే పారేయకండి, 9వ పిన్ను లేని కేబుళ్ళు బోలెడు, అది చాలాసార్లు పెద్ద సమస్య కాదు. 12, 15 లేకపోయినా వంగిపోయినా మాత్రం మన కథ అక్కడే. ఎక్స్‌టెన్షన్ కేబుళ్ళు, రెండు కంప్యూటర్లకి ఒకే మానిటర్ పెట్టుకునే స్విచ్ డబ్బాలు, ఒక కనెక్టర్‌ని రెండు మానిటర్లకి చీల్చే స్ప్లిట్టర్లు, వీటిలో చవకవాటికి ఈ రెండు తీగలు లోపల కలపనే కలపరు. మధ్యలో ఉన్నవన్నీ పీకేసి మానిటర్‌ని నేరుగా కార్డుకి ఒకసారి తగిలించి చూడటం, పరీక్షల్లోకెల్లా ఇదే గొప్ప పరీక్ష. తగిలించాక ఎక్స్‌రాండర్ మళ్ళీ కొడితే అది కొత్తగా వెళ్ళి అడిగి వస్తుంది, రీబూట్ అక్కర్లేదు. ఒకవేళ ముందు అడిగినదే చూపించాలంటే --కరెంట్ అని తగిలించాలి, అందుకని పరీక్ష చేసేటప్పుడు అది వాడకండి.

ఎక్స్ లాగ్‌లో ఏముందో

కెర్నల్‌కి డేటా వచ్చింది, 128 బైట్లు ఉన్నాయి, అయినా ఎక్స్‌రాండర్‌లో పెద్ద మోడ్ లేదు అంటే ఎక్స్ సర్వరే దాన్ని కొట్టిపారేసింది. లాగ్ ఫైల్ /వార్/లాగ్ ఫోల్డర్లో ఎక్స్‌ఆర్గ్.0.లాగ్ పేరుతో ఉంటుంది (మొదటి ఎక్స్ పెద్దక్షరం), అక్కడ లేకపోతే లేదా తేదీ పాతదైతే మీ హోమ్‌లో .లోకల్/షేర్/ఎక్స్‌ఆర్గ్ లోపల చూడండి. లైన్ల ముందు బ్రాకెట్లో గుర్తులుంటాయి, రెండు గీతలుంటే హార్డ్‌వేర్‌ని అడిగి తెలుసుకున్నది, రెండు నక్షత్రాలుంటే కాన్ఫిగ్ ఫైల్లోంచి తీసుకున్నది, రెండు ఈక్వల్ టు గుర్తులుంటే తనంతట తను అనుకున్నది. మోడ్ పేరు పక్కన "హెచ్‌సింక్ అవుట్ ఆఫ్ రేంజ్" (అడ్డం ఫ్రీక్వెన్సీ హద్దు దాటింది) అనే మాట కనపడి, దానికి కాస్త పైన నక్షత్రాల లైను ఉందనుకోండి, ఎప్పటిదో ఎక్స్‌ఆర్గ్.కాన్ఫ్ ఫైల్ /ఈటీసీ/ఎక్స్11 ఫోల్డర్లో (ఎక్స్11లో ఎక్స్ పెద్దక్షరం) మిగిలి ఉంది, అందులో ఎవరో వేరే మానిటర్ ఫ్రీక్వెన్సీలు రాసి పెట్టారు. ఒక మెషీన్ హార్డ్‌డిస్క్ పీకి ఇంకో మెషీన్లో పెట్టినప్పుడు ఇది తప్పకుండా తగుల్తుంది. ఆ ఫైల్ పేరు మార్చి, లాగౌట్ అయి రండి. ఈ రోజుల్లో ఆ ఫైల్ అసలు లేకుండానే ఎక్స్ నడుస్తుంది.

ఎన్విడియా పాత డ్రైవర్ల గురించి ఒక ముక్క. కంపెనీ సొంత డ్రైవర్ పాత వెర్షన్లు వాడే కార్డుల మీద ఎక్స్‌రాండర్ 50, 51, 52 హెర్ట్జ్ అని విచిత్రమైన నంబర్లు చూపిస్తుంది, మానిటర్ నిజంగా అంత స్పీడులో నడుస్తోందని కాదు, ఒక్కో సెట్టింగ్‌కి ఒక్కో దొంగ నంబర్ ఇవ్వడం ఆ డ్రైవర్ అలవాటు. వాటిమీద ఎక్స్‌రాండర్‌ని వదిలేసి ఎన్విడియా-సెట్టింగ్స్‌లోనే చూసుకోండి.

లేని మానిటర్ ఉన్నట్టు కనపడితే

ఇంకో తమాషా ఉంది. లాగిన్ స్క్రీన్ సగమే కనపడటం, మౌస్ ఎక్కడికో పక్కకి వెళ్ళిపోయి మాయమవ్వడం, లేదా రిజల్యూషన్ ఎంత మార్చినా 1024 దాటకపోవడం. ఎక్స్‌రాండర్‌లో చూస్తే డెస్క్‌టాప్ మెషీన్‌కి ఎల్‌వీడీఎస్-1 కనెక్టెడ్ అని ఉంటుంది, అది ల్యాప్‌టాప్ తెరకి ఉండే కనెక్టర్! పాత ఇంటెల్ బోర్డుల బయోస్ కొన్ని లేని తెరని ఉందని చెప్తాయి, టీవీ కనెక్టర్ కూడా అలాగే. ఎక్స్‌రాండర్ --అవుట్‌పుట్ ఎల్‌వీడీఎస్-1 --ఆఫ్ కొట్టి చూసి, బాగైతే గ్రబ్ లైన్లో వీడియో=ఎల్‌వీడీఎస్-1:డీ అని పెడితే (చివరి డీ చిన్నక్షరం) కెర్నల్ ఇక దాని జోలికి పోదు.

ఏం చేసినా మాట రాకపోతే

కేబుల్ మార్చాం, నేరుగా పెట్టాం, డ్రైవర్ సరైనదే, అయినా 0 బైట్లు. మానిటర్ లోపలి చిప్పు పోయింది, లేదా ఈడీఐడీ రాకముందు కాలం మానిటర్. అప్పుడు మనమే చెప్పాలి. మానిటర్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ చూసి దాని అసలు రిజల్యూషన్, ఫ్రీక్వెన్సీ రేంజ్ తెలుసుకోండి. ఎల్‌సీడీ అయితే పాత 17, 19 అంగుళాల చదరం వాటికి 1280 బై 1024, 19 అంగుళాల వెడల్పు వాటికి ఎక్కువగా 1440 బై 900.

పాత సీఆర్‌టీ, అంటే ఆ డబ్బా మానిటర్, అయితే మాత్రం జాగ్రత్త. రేంజ్ దాటి సిగ్నల్ ఇస్తే తర్వాత వచ్చినవి "అవుట్ ఆఫ్ రేంజ్" అని మెసేజ్ పెట్టి ఊరుకుంటాయి కానీ బాగా పాతవి నిజంగానే పాడైపోయే ప్రమాదం ఉంది, లోపల్నుంచి కీచుమని సన్నటి శబ్దం వస్తే వెంటనే ఆఫ్ చేసేయండి. లెక్క చాలా తేలిక, పిక్సెల్ క్లాక్‌ని అడ్డం మొత్తంతో భాగిస్తే హెచ్‌సింక్ వస్తుంది, దాన్ని నిలువు మొత్తంతో భాగిస్తే రిఫ్రెష్ వస్తుంది. 1280 బై 1024కి వీసా ఇచ్చిన అసలు నంబర్లు ఇవీ:

108.00 1280 1328 1440 1688 1024 1025 1028 1066 +హెచ్‌సింక్ +వీసింక్

108 మెగాహెర్ట్జ్‌ని 1688తో భాగిస్తే దాదాపు 64 కిలోహెర్ట్జ్, దాన్ని 1066తో భాగిస్తే 60 హెర్ట్జ్. మీ మానిటర్ పుస్తకంలో హారిజాంటల్ 30 నుంచి 70 కిలోహెర్ట్జ్ అని ఉంటే ఇది హాయిగా నడుస్తుంది, అదే రిజల్యూషన్‌లో 85 హెర్ట్జ్ అడిగితే 91 కిలోహెర్ట్జ్ కావాలి, అది కుదరదు.

వేరే రిజల్యూషన్‌కి నంబర్లు కావాలంటే సీవీటీ 1440 900 60 అని కొట్టండి, మోడ్‌లైన్ తయారు చేసి ఇస్తుంది. రెండు చిక్కులున్నాయి దీంతో. ఒకటి, 1366 బై 768 అడిగితే 1368 ఇస్తుంది, ఎందుకంటే ఆ లెక్కలో అడ్డం కొలత 8తో భాగం పోవాలి, 1366 పోదు, అందుకే ఆ తెరలన్నీ అంచుల్లో ఒకటి రెండు పిక్సెళ్ళు తేడాతో తగాదా పెడతాయి. రెండు, 1920 బై 1080 మామూలుగా అడిగితే 173 మెగాహెర్ట్జ్ క్లాక్ వస్తుంది, వీజీఏ మీద పర్వాలేదు కానీ సింగిల్ లింక్ డీవీఐ 165 దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి కార్డు ససేమిరా అంటుంది. సీవీటీ -ఆర్ 1920 1080 అని ఆర్ తగిలిస్తే 138.50కి దిగుతుంది, ఎల్‌సీడీలకి ఇది సరిపోతుంది, సీఆర్‌టీకి మాత్రం వాడకండి.

పెట్టే పద్ధతి మూడు కమాండ్లు:

ఎక్స్‌రాండర్ --న్యూమోడ్ నాది17 108.00 1280 1328 1440 1688 1024 1025 1028 1066 +హెచ్‌సింక్ +వీసింక్

ఎక్స్‌రాండర్ --యాడ్‌మోడ్ వీజీఏ-1 నాది17

ఎక్స్‌రాండర్ --అవుట్‌పుట్ వీజీఏ-1 --మోడ్ నాది17; స్లీప్ 15; ఎక్స్‌రాండర్ --అవుట్‌పుట్ వీజీఏ-1 --మోడ్ 1024ఎక్స్768

నాది17 అనేది పేరు, మీ ఇష్టం వచ్చింది పెట్టుకోండి, కాకపోతే ఇప్పటికే ఉన్న మోడ్ పేరు పెడితే బ్యాడ్‌నేమ్ అని ఎర్రర్ కొడుతుంది. మూడో లైను చివర స్లీప్ 15 ఎందుకంటే, తెర నల్లగా పోతే 15 సెకన్ల తర్వాత దానంతటదే పాత మోడ్‌కి వచ్చేస్తుంది, చీకట్లో కీబోర్డు తడుముకోనక్కర్లేదు. బొమ్మ బాగుంటే స్లీప్ దగ్గర్నుంచి వెనకభాగం తీసేసి మళ్ళీ కొట్టండి.

ఇది రీబూట్‌తో పోతుంది. నిలబడాలంటే /ఈటీసీ/ఎక్స్11/ఎక్స్‌ఆర్గ్.కాన్ఫ్.డీ ఫోల్డర్లో 10-మానిటర్.కాన్ఫ్ అని ఫైల్ చేసి అందులో మానిటర్ సెక్షన్ ఒకటి రాసి, ఐడెంటిఫయర్‌గా కనెక్టర్ పేరే వీజీఏ-1 అని పెట్టి, కింద మోడ్‌లైన్, దాని కింద ప్రిఫర్డ్‌మోడ్ ఆప్షన్ పెట్టండి, పేరు కలిసింది కాబట్టి ఎక్స్ తనే జత చేసుకుంటుంది. లాగిన్ అయ్యాక మళ్ళీ చిన్నదైపోతుంటే డెస్క్‌టాప్ తన పాత సెట్టింగ్ పైన పులుముతోంది, హోమ్‌లో .కాన్ఫిగ్ లోపల మానిటర్స్.ఎక్స్‌ఎంఎల్ ఉంటే తీసి పక్కన పెట్టండి, ఎక్స్‌ఎఫ్‌సీఈ అయితే డిస్‌ప్లేస్.ఎక్స్‌ఎంఎల్.

నాకు అన్నిటికంటే నచ్చిన దారి మాత్రం ఇంకోటి. అదే మానిటర్ వేరే కంప్యూటర్‌కో మంచి కేబుల్‌తోనో ఈడీఐడీ ఇస్తుందనుకోండి, అక్కడ క్యాట్‌తో ఆ ఈడీఐడీ ఫైల్‌ని మానిటర్.బిన్ పేరుతో కాపీ చేసుకుని, పాత మెషీన్లో /లిబ్/ఫర్మ్‌వేర్/ఈడీఐడీ అనే ఫోల్డర్ చేసి అందులో పెట్టి, గ్రబ్ లైన్లో డీఆర్‌ఎం.ఈడీఐడీ_ఫర్మ్‌వేర్=వీజీఏ-1:ఈడీఐడీ/మానిటర్.బిన్ అని రాస్తే కెర్నల్ ఇక తీగల కోసం చూడకుండా ఆ ఫైల్‌నే మానిటర్ మాటగా తీసుకుంటుంది. 4.15 కంటే పాత కెర్నల్ అయితే డీఆర్‌ఎం బదులు డీఆర్‌ఎం_కేఎంఎస్_హెల్పర్ అని రాయాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోనే (బూట్ మొదట్లో కెర్నల్ వాడుకునే చిన్న ఫైళ్ళ మూట) ఎక్కుతుంటే ఈ ఫైల్‌ని కూడా అందులో కలపాలి, లేకపోతే బూట్ టైంకి ఫైల్ దొరకదు, డీమెసేజ్‌లో చెప్తుంది. దీంతో సుఖమేంటంటే బూట్ కన్సోల్, లాగిన్ స్క్రీన్, డెస్క్‌టాప్ అన్నీ ఒకేసారి దారికొస్తాయి. అంత ఓపిక లేకపోతే గ్రబ్ లైన్లో వీడియో=వీజీఏ-1:1280ఎక్స్1024@60 అన్నా చాలు, కనెక్టర్ డిస్‌కనెక్టెడ్ అని మొండికేస్తే చివర ఇంగ్లీషు చిన్న e అక్షరం తగిలించండి.

అంతా అయ్యాక మానిటర్ మీద ఉన్న మెనూ బటన్ నొక్కి ఇన్ఫర్మేషన్ పేజీ చూడండి, దానికి నిజంగా ఏ రిజల్యూషన్, ఎన్ని హెర్ట్జ్ అందుతోందో అక్కడ ఉంటుంది, ఎక్స్‌రాండర్ మాట కంటే ఆ మాటే ఖాయం. వీజీఏ అయితే అక్షరాల చుట్టూ ఇంకా నీడలా ఉందంటే, అక్షరాలు నిండుగా ఉన్న పేజీ ఏదైనా తెర మొత్తం తెరిచి పెట్టి అప్పుడు ఆటో బటన్ నొక్కండి, ఖాళీ నల్ల తెర మీద నొక్కితే అంచులు ఎక్కడున్నాయో దానికీ తెలీదు.